హుగ్లీ వైద్యుడు జేమ్స్ ఎస్డెయిల్: నొప్పి కలగలేదా, జ్ఞాపకం మిగలలేదా?

1845 ఏప్రిల్ 4. కలకత్తాకు ఉత్తరాన, నది ఒడ్డున ఉన్న హుగ్లీ పట్టణంలోని జైలు ఆసుపత్రి. సంకెళ్ళతో రోడ్డు పనులు చేసే శిక్ష పడిన మాధవ్ కౌరా అనే ఖైదీని అక్కడికి తీసుకొచ్చారు. అతడికి రెండు వైపులా వరిబీజం. ఆనాటి చికిత్స ప్రకారం వైద్యుడు ఒక వైపు చేరిన నీటిని తీసివేసి, ఆ ఖాళీలోకి ఘాటైన మందు ఎక్కించారు. ఆ మందు వల్ల పుట్టే మంట భరించరానిది. మాధవ్ తల వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, నొప్పి పాకుతున్న చోటును చేతులతో అదుముకుంటూ కూర్చున్నాడు. కత్తికోతకు ముందు ఇవ్వడానికి గానీ, తరువాత ఇవ్వడానికి గానీ నమ్మదగిన మత్తుమందు ఆనాటికి ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనూ లేదు.

ఆ వైద్యుడి పేరు జేమ్స్ ఎస్డెయిల్. వయసు 37. మెస్మరిజం అనే విద్య గురించి పత్రికల్లో అక్కడక్కడా చదవడమే తప్ప, ఎవరైనా చేస్తుండగా ఆయన చూసిన పాపాన పోలేదు. అయినా ఆ క్షణాన దాన్ని ప్రయత్నించాలనిపించింది. రోగికి ఎదురుగా కూర్చుని, అతడి మోకాళ్ళను తన మోకాళ్ళ మధ్య ఉంచుకుని, ముఖం నుంచి ఉదరం వరకు తాకీ తాకనట్లు చేతులను నెమ్మదిగా కిందికి దించుతూ పోయారు. అరగంట గడిచినా ఫలితం కనిపించలేదు. విసుగు చెందకుండా కొనసాగించారు. కళ్ళు తెరవమంటే మాధవ్ గదంతా పొగలా ఉందన్నాడు. మరికొంతసేపటికి పిలుపుకు పలకడం మానేశాడు.

ఎస్డెయిల్ వెంటనే జిల్లా జడ్జి రస్సెల్‌కూ, కలెక్టర్ మనీకీ కబురు పంపారు. జరుగుతున్నదానికి తనొక్కడే సాక్షిగా ఉంటే చాలదని ఆయనకు మొదటి గంటలోనే తోచడం గమనించదగ్గ విషయం. అధికారులు వచ్చి చూశారు. సూదులు గుచ్చారు, మోకాలి దగ్గర నిప్పు పెట్టారు, ముక్కు దగ్గర అమ్మోనియా ఉంచారు. మాధవ్ కదల్లేదు. కొన్ని గంటల తరువాత మేలుకుని, తాను నిద్రపోయానని మాత్రమే చెప్పాడు. సూదుల సంగతి, నిప్పు సంగతి, వచ్చి వెళ్ళిన దొరల సంగతి అతడి జ్ఞాపకంలో లేవు.

ఆ రోజు నుంచి ఆరేళ్ళపాటు ఎస్డెయిల్ జీవితమంతా ఈ దృశ్యం చుట్టూనే తిరిగింది. ఆయనను ప్రసిద్ధుణ్ణి చేసిందీ, వివాదంలోకి నెట్టిందీ ఇదే. మేలుకున్న రోగి తనకేమీ గుర్తు లేదంటే, నొప్పి కలగలేదని అర్థమా? లేక కలిగిన నొప్పి జ్ఞాపకంలోకి రావడం లేదని అర్థమా? ఎస్డెయిల్ మొదటి జవాబునే నమ్మారు. ఆయనను పరీక్షించడానికి వచ్చినవారిలో కొందరు రెండో జవాబు వైపు చూశారు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా ఎంత లోతైనదో ఆయన మరణించిన నూరేళ్ళ తరువాత గానీ ప్రయోగశాలల్లో తేలడం మొదలుకాలేదు.

జేమ్స్ ఎస్డెయిల్ 1808 ఫిబ్రవరి 6న స్కాట్లాండ్‌లోని మాంట్రోజ్‌లో జన్మించారు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. తమ్ముడు డేవిడ్ కూడా ఆ మార్గమే పట్టాడు. జేమ్స్ మాత్రం ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1831లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి బెంగాల్ వచ్చారు. ఆరోగ్యం చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే. ఊపిరితిత్తుల బలహీనత వల్లనే వెచ్చని దేశాన్ని ఎంచుకున్నారని చెబుతారు. ఆ వెచ్చని దేశంలోనూ కొన్నేళ్ళకే ఒళ్ళు చెడి, సెలవు మీద ఎర్రసముద్రం, ఈజిప్టు, ఐరోపా తిరిగి, ఆ అనుభవాలను లేఖల రూపంలో పుస్తకంగా వెలువరించారు. తిరిగి వచ్చాక హుగ్లీ ఆసుపత్రి, జైలు ఆసుపత్రి ఆయన చేతికి వచ్చాయి. కొంతకాలం హుగ్లీ కళాశాల బాధ్యతలు కూడా చూశారు. తరువాతి కాలంలో బంకించంద్ర చటర్జీ చదువుకున్న కళాశాల అదే.

మెస్మరిజానికి అప్పటికి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. వియన్నా వైద్యుడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ 1778లో పారిస్ చేరి, విశ్వమంతటా వ్యాపించిన ఒక సూక్ష్మ ద్రవాన్ని తన చేతుల ద్వారా రోగిలోకి ప్రవహింపజేస్తున్నానని ప్రకటించాడు. 1784లో ఫ్రెంచి రాజు నియమించిన సంఘం, అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియే వంటివారు సభ్యులు, ఆ ద్రవం లేనే లేదనీ, కనిపించే ప్రభావమంతా రోగి ఊహాశక్తి ఫలితమనీ తేల్చింది. అదే ఏడాది మెస్మర్ శిష్యుడు, పుయిసెగూర్ ప్రభువు, తన జమీలోని విక్టర్ రాస్ అనే యువ రైతును ఈ పద్ధతిలో నిద్రపుచ్చి ఒక విచిత్రం గమనించాడు. నిద్రలో ఉండగా ఆ రైతు చక్కగా మాట్లాడేవాడు, నడిచేవాడు, చెప్పిన పని చేసేవాడు. మేలుకున్నాక ఏమీ గుర్తుండేది కాదు. ఇలాంటివారిని మళ్ళీ నిద్రలోకి పంపితే, మెలకువలో పోయిన జ్ఞాపకం నిద్రలో తిరిగి వచ్చేదని ఆనాటి మెస్మరిస్టులు పదేపదే చూశారు. మరపు అంటే చెరిగిపోవడం కాకపోవచ్చుననే సూచన ఈ విద్య పుట్టిననాటి నుంచీ వారి కళ్ళ ముందే ఉంది.

లండన్‌లో ఈ విద్యను భుజాన వేసుకున్న ప్రముఖ వైద్యుడు జాన్ ఎలియట్సన్ 1838లో తన ఆసుపత్రి పదవినీ ఆచార్య పదవినీ వదులుకోవలసి వచ్చింది. 1842లో నాటింగ్‌హామ్‌షైర్‌లో ఒక కూలీకి మెస్మరిజం నిద్రలో తొడ దగ్గర కాలు తీసివేస్తే, రాజధానిలోని వైద్యసంఘం మెచ్చుకోలేదు సరికదా, నొప్పి దాచుకోవడం అతడికి నేర్పారని కొందరు సభ్యులు ఆరోపించారు. నొప్పితో అరవని రోగిని చూసి వైద్యులు కోప్పడిన సందర్భం వైద్యచరిత్రలో బహుశా అదొక్కటే.

హుగ్లీలో పరిస్థితి వేరు. అక్కడ ఎస్డెయిల్‌ను ప్రశ్నించే తోటి వైద్యుడు లేడు. రోగులకు కొదవ లేదు. దిగువ బెంగాల్‌లో ఫైలేరియా విపరీతం. మన కోస్తా జిల్లాలవారికి బోదకాలు అన్న మాట చెబితే చాలు, వేరే వివరణ అక్కరలేదు. అదే వ్యాధి వృషణ సంచికి సోకితే, అది ఏళ్ళ తరబడి పెరిగి పదుల పౌండ్ల బరువున్న కణితిగా మారేది. ఎస్డెయిల్ చికిత్స చేసిన ఒక దుకాణదారుడు కదలలేని స్థితిలో, ఆ కణితినే రాతబల్లగా వాడుకుంటూ ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకున్నాడు. ఇలాంటివారు మెలకువలో కత్తికి ఒప్పుకునేవారు కాదు. ఒప్పుకున్నా, నొప్పికీ రక్తస్రావానికీ తట్టుకుని బతికేవారు తక్కువ. నొప్పి లేకుండా కోస్తారన్న వార్త పొక్కడంతో ఎక్కడెక్కడి నుంచో హుగ్లీకి రావడం మొదలుపెట్టారు. మొదటి ఎనిమిది నెలల్లో 70కి పైగా శస్త్రచికిత్సలు నొప్పి లేకుండా చేశానని ఎస్డెయిల్ లెక్క చూపారు. 1846లో లండన్‌లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం, భారతదేశంలో మెస్మరిజం గురించినది, ఈ కేసుల దినచర్యే. కణితుల శస్త్రచికిత్సలో మరణాలు నూటికి ఐదు దాకా మాత్రమేనని ఆ తరువాతి లెక్కల్లో ప్రకటించారు. ఆనాటి ప్రమాణాలతో చూస్తే అది నమ్మశక్యం కానంత తక్కువ.

పద్ధతి క్రమంగా మారింది. గంటల తరబడి చేతులు ఊపి ఎస్డెయిల్ స్వయంగా అలసిపోయేవారు. అందుకని ఆసుపత్రిలోని కాంపౌండర్లకు, డ్రెస్సర్లకు, అంటే హిందూ ముస్లిం యువకులకు, ఆ పని నేర్పారు. చీకటి చేసిన గదిలో రోగిని పడుకోబెట్టేవారు. సహాయకుడు తల వైపు కూర్చుని, ముఖం మీదికి వంగి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ, చేతులు దించుతూ గంట, రెండు గంటలు, ఒక్కోసారి అంతకు మించి కూర్చునేవాడు. ఒక్క రోజులో నిద్ర పట్టకపోతే రోజూ చేసేవారు. చాలా సందర్భాల్లో రోగికి ఏం జరగబోతోందో ముందుగా చెప్పేవారు కాదు. మెలకువ వచ్చి, గాయం చూసుకున్నాక గానీ కణితి పోయిందని తెలియని రోగుల ఉదంతాలు ఎస్డెయిల్ గ్రంథంలో ఉన్నాయి. ఇవాళ ఏ ఆసుపత్రిలోనైనా ఇది క్షమించరాని తప్పు. ఆయన కాలంలో, అందులోనూ ఖైదీల విషయంలో, దాన్ని ఎవరూ తప్పుగా లెక్కించలేదు. వైభవంగా చెప్పుకునే ఈ చరిత్రలో ఆ భాగాన్ని దాటవేసి వెళ్ళడం న్యాయం కాదు.

ఈ విద్య బెంగాల్‌కు కొత్తది కాదని ఎస్డెయిల్ త్వరలోనే గ్రహించారు. నొప్పి ఉన్నచోట చేత్తో నిమురుతూ, ఊదుతూ, మంత్రం చదివే వైద్యులు ఊరూరా ఉన్నారు. మన పల్లెల్లో దిగదుడిచి, మంత్రం వేసి, తాయెత్తు కట్టేవారిలాగానే. అలాంటి ఒక మాంత్రికుణ్ణి పిలిపించి అతడి పద్ధతి చూసి, పేరు వేరైనా తాను చేస్తున్నదానికి దగ్గరిదేనని ఆయన అభిప్రాయపడ్డారు. ఇంతటి ఒప్పుకోలు ఆనాటి కంపెనీ వైద్యుడి నుంచి రావడం అరుదు. అయితే దాని వెంటే మరో భావన కూడా ఉంది. భారతీయులు ప్రకృతికి దగ్గరగా ఉన్న సరళజీవులనీ, అందుకే తేలిగ్గా వశమవుతారనీ ఆయన రాశారు. ఆ మాటలో మెప్పు ఎంతో, చిన్నచూపు అంత.

జ్ఞాపకం సంగతి హుగ్లీ కచేరీలో కూడా ఒకసారి పరీక్షకు వచ్చింది. 1845లోనే, ఒక బాలుణ్ణి ఎత్తుకుపోతున్నాడని జనం ఒక క్షురకుణ్ణి పట్టుకున్నారు. అతడు ఏదో గొణుగుతూ తన కళ్ళ ముందు చెయ్యి తిప్పాడనీ, ఆ తరువాత తెలివి తప్పి అతడి వెంట నడిచాననీ ఆ బాలుడు చెప్పాడు. అలా జరగడం సాధ్యమేనా అని తెలుసుకోవడానికి న్యాయస్థానం ఎస్డెయిల్‌ను సాక్షిగా పిలిచింది. సాధ్యమేనని ఆయన చెప్పారు. మాటలతో ఆగక, ముగ్గురు మనుషులను బోనులో నిలబెట్టి, కిక్కిరిసిన కోర్టులో అందరూ చూస్తుండగా వారిని నిద్రావస్థలోకి పంపారు. అలా నిద్రలో ఉన్న మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, తిరిగి లోపలికి తెచ్చి, మేల్కొలిపారు. నువ్వు ఈ గది దాటి వెళ్ళావా అని అడిగితే లేదన్నాడు. అతడు వెళ్ళడం, రావడం కోర్టులో ఉన్నవాళ్ళందరూ చూశారు. అతడొక్కడికే తెలియదు.

క్షురకుడికి శిక్ష పడింది గానీ అది చివరిదాకా నిలవలేదు. న్యాయం ఎటు జరిగిందన్న చర్చ అటుంచితే, ఆ బోనులో కనిపించిన దృశ్యం ఎస్డెయిల్ వాదాన్ని బలపరచడమే కాదు, ఆయన గమనించని రీతిలో ఒక చిక్కును కూడా ముందుకు తెచ్చింది. ఆ మనిషి నడిచాడు, మలుపుల దగ్గర తిరిగాడు. అంటే చూశాడు, విన్నాడు, నేల తెలిసింది. అయినా మేలుకున్నాక అదేదీ తనకు జరగలేదని నిజాయితీగా చెప్పాడు. అతడు కాదన్నంత మాత్రాన ఆ నడక జరగలేదని ఎవరూ అనుకోలేదు. మరి శస్త్రచికిత్స బల్ల మీద పడుకున్న రోగి, నొప్పి తెలియలేదని చెప్పినప్పుడు, ఆ మాటను మాత్రం నొప్పి లేదనడానికి సాక్ష్యంగా ఎందుకు తీసుకోవాలి? ఒకే వైద్యుడు, ఒకే విద్య, ఒకే రకం జవాబు. ఒకచోట దాన్ని మరపు అన్నారు, మరోచోట నొప్పి లేమి అన్నారు.

ఈ చిక్కే 1846లో ప్రభుత్వ సంఘం ముందుకు వచ్చింది. బెంగాల్ డిప్యూటీ గవర్నర్ సర్ హెర్బర్ట్ మాడాక్, ఎస్డెయిల్ కోరిక మీద, వైద్యులతోనూ ఇతరులతోనూ ఒక పరిశీలన సంఘాన్ని నియమించారు. కలకత్తాలో వారి కళ్ళ ముందు ఎస్డెయిల్ శస్త్రచికిత్సలు చేశారు. ఎంపిక చేసినవారిలో ముగ్గురికి ఎన్ని రోజులు ప్రయత్నించినా నిద్ర పట్టలేదు. వారిని పక్కన పెట్టారు. శస్త్రచికిత్స జరిగిన ఆరుగురిలో ముగ్గురు నిశ్చలంగా ఉన్నారు. వీరిలోనూ ఇద్దరి నాడి నిలకడ తప్పింది. మిగిలిన ముగ్గురి చేతులు కొట్టుకున్నాయి, శరీరం మెలికలు తిరిగింది, ముఖం వికృతమైంది. అణచుకున్న వేదన ముఖం మీద కనిపించినట్లుందని సంఘం నమోదు చేసింది. మేలుకున్నాక మాత్రం ఆ ముగ్గురూ ఏమీ తెలియదన్నారు.

సంఘం నివేదిక స్థూలంగా ఎస్డెయిల్‌కు అనుకూలమే. మరింత పరిశీలన అవసరమని సిఫారసు చేసింది. ప్రభుత్వం 1846 నవంబరులో కలకత్తాలో ఏడాది కాలానికి ఒక చిన్న మెస్మరిక్ ఆసుపత్రిని ఆయనకు అప్పగించింది. ఈ విద్యకు ప్రభుత్వ ఆసుపత్రి దక్కడం బ్రిటిష్ సామ్రాజ్యంలో అదే మొదలు. ప్రయోగం ముగిశాక ప్రభుత్వం తప్పుకుంటే, మూడు వందల మందికి పైగా నగరవాసులు, వారిలో బెంగాలీ సంపన్నులు, ఆంగ్లేయులు ఇద్దరూ ఉన్నారు, అది కొనసాగాలని అర్జీ పెట్టుకున్నారు. చందాలతో 1848లో మరో ఆసుపత్రి తెరుచుకుంది. అదే ఏడాది లార్డ్ డల్హౌసీ ఆయనకు ప్రెసిడెన్సీ సర్జన్ హోదా ఇచ్చారు.

అయితే కాలం ఆయనను దాటి వెళ్ళిపోయింది. కలకత్తా ఆసుపత్రి తెరుచుకోవడానికి కొద్ది వారాల ముందు, 1846 అక్టోబరు 16న, అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో రోగిని మత్తులో ఉంచాడు. మరుసటి ఏడాదే ఈథర్ కలకత్తా చేరింది. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం ప్రయోగించాడు. ఎస్డెయిల్ చదువుకున్న ఊరి నుంచే ఆయన విద్యకు చరమగీతం వచ్చిందన్నమాట. రెండు గంటలు చీకటి గదిలో చేతులు ఊపే పని, గుడ్డ మీద వేసిన కొన్ని చుక్కలు నిమిషాల్లో చేసి పెడుతుంటే, ఎవరు ఎదురుచూస్తారు? క్లోరోఫారం ప్రమాదాల మీద ప్రపంచం దృష్టిని ఆకర్షించిన పరిశోధనలు 1888, 1889లో మన హైదరాబాద్‌లో, నిజాం ధనసహాయంతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో జరిగాయి. ఎస్డెయిల్ చూడని అధ్యాయం అది.

కలకత్తా కణితుల గొడవలతో సంబంధం లేకుండా, మాంచెస్టర్‌లో స్థిరపడిన మరో స్కాట్లాండ్ వైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ అసలు ద్రవమే లేదనీ, ఇదంతా రోగి ఏకాగ్రతలో జరిగే మార్పు అనీ వాదించి, 1843లో తన పుస్తకంతో హిప్నాటిజం అన్న మాటకు ప్రచారం తెచ్చాడు. ఎస్డెయిల్ మాత్రం కడదాకా ద్రవాన్నే నమ్మారు. సిద్ధాంతం విషయంలో బ్రెయిడ్‌దే పైచేయి అయింది. 1880ల నాటికి ఫ్రాన్స్‌లోని నాన్సీలో వైద్యుడు హిప్పొలైట్ బెర్న్‌హైమ్ మరో అడుగు వేశాడు. హిప్నాటిజం నిద్రలో జరిగింది గుర్తు లేదన్న రోగి నుదుటి మీద చెయ్యి ఉంచి, గుర్తుంది, చెప్పగలవు అని గట్టిగా ఒత్తిడి చేస్తే, జ్ఞాపకం మొదట తడబడుతూ, తరువాత ధారగా బయటికి వచ్చేది. 1889లో సిగ్మండ్ ఫ్రాయిడ్ నాన్సీ వెళ్ళి దీన్ని కళ్ళారా చూశాడు. మరచిన దాన్ని తవ్వి తీయవచ్చునన్న ఆయన నమ్మకానికి పునాదుల్లో ఇదొకటి.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఇదంతా ప్రయోగశాలకు చేరింది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్జెన్‌హాఫర్, హిల్గార్డ్ 1959లో రూపొందించిన హిప్నాటిజం కొలమానంలో మరపు ఒక పరీక్షాంశం. సమ్మోహన స్థితిలో ఉన్న వ్యక్తికి, మేలుకున్నాక ఇక్కడ జరిగింది గుర్తుండదు, నేను ఫలానా మాట చెప్పినప్పుడు అంతా గుర్తొస్తుంది అని సూచన ఇస్తారు. అందరిలో ఇది పనిచేయదు. సూచనలకు అమితంగా స్పందించే స్వభావం ఉన్న కొద్దిమందిలో మాత్రం మరపు స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత ప్రయత్నించినా చెప్పలేకపోతారు. ఆ సంకేతపు మాట వినపడగానే చెప్పేస్తారు. జ్ఞాపకం పోలేదు. దాన్ని చేరే దారి కాసేపు మూసుకుంది. అంతేకాదు, చెప్పలేకపోతున్న ఆ వ్యవధిలో కూడా ఆ జ్ఞాపకం వారి ప్రవర్తన మీద పరోక్షంగా ప్రభావం చూపుతూనే ఉంటుంది.

2008లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు దీన్ని మెదడు స్కానింగ్‌తో చూశారు. పరీక్షలో పాల్గొన్నవారికి ఒక డాక్యుమెంటరీ చిత్రం చూపించారు. కొన్ని రోజుల తరువాత హిప్నాటిజంలో, ఆ చిత్రం మరచిపొమ్మని సూచన ఇచ్చారు. స్పందించే స్వభావం ఉన్నవారు సినిమాలోని విషయాలు చెప్పలేకపోయారు గానీ, సినిమా చూసిన గది, ఆనాటి పరిసరాలు మాత్రం చక్కగా చెప్పారు. దృశ్య జ్ఞాపకాలకు సంబంధించిన భాగాల్లో చురుకుదనం తగ్గింది. మెదడు ముందు భాగంలో ఒక చోట అది పెరిగింది, అంటే వెతుకులాట మొదలుకాకముందే ఎవరో తలుపు మూసినట్లు. సంకేతం ఇచ్చాక తేడా తొలగి, జ్ఞాపకం తిరిగొచ్చింది.

నొప్పి విషయంలోనూ హిల్గార్డ్ ఇలాంటిదే గమనించారు. 1970ల్లో ఆయన ప్రయోగాల్లో, హిప్నాటిజంలో ఉన్న వ్యక్తి చెయ్యి మంచునీళ్ళలో ఉంచి, నొప్పి లేదని నోటితో చెబుతూనే, నీలో దాగి ఉన్న మరో భాగం ఏమంటోందని మరో పద్ధతిలో అడిగితే కొందరు నొప్పి ఉందని తెలిపారు. దీని అర్థం మీద పండితులు ఇప్పటికీ ఒకరితో ఒకరు ఏకీభవించరు. అలా అడిగినందువల్లనే అలాంటి జవాబు వచ్చిందనేవారూ ఉన్నారు. హిప్నాటిజం నొప్పిని నిజంగానే తగ్గించగలదనడానికి కూడా బలమైన ఆధారాలున్నాయి. కాబట్టి ఎస్డెయిల్ రోగులందరూ బాధపడి మరచిపోయారని అనుకోవడం పొరపాటు. నిశ్చలంగా ఉన్న ముగ్గురికీ, మెలికలు తిరిగిన ముగ్గురికీ ఒకే వివరణ సరిపోదు.

ఇవాళ మత్తువైద్యులు ఈ రెంటినీ వేరుచేసి చూస్తారు. నొప్పిని ఆపడం ఒకటి, జ్ఞాపకాన్ని ఆపడం మరొకటి. ఎండోస్కోపీ చేయించుకున్నవారికి ఇచ్చే మిడజోలం సూది మందు సంగతి చాలామందికి అనుభవమే. లోపల గొట్టం వేస్తుండగా రోగి మూలగవచ్చు, ముఖం చిట్లించవచ్చు, డాక్టరు మాటకు బదులు కూడా ఇవ్వవచ్చు. బయటికి వచ్చాక ఎప్పుడు మొదలుపెడతారని అడుగుతాడు. ఇందులో హిప్నాటిజానికి విరుద్ధమైన ముఖ్య భేదం ఉంది. మిడజోలం ప్రభావంలో జ్ఞాపకం రాసుకోబడదు. ఏ సంకేతమూ దాన్ని తిరిగి తేలేదు. హిప్నాటిజంలో రాసుకోబడుతుంది, చదవడమే కొంతసేపు కుదరదు. ఎస్డెయిల్ బల్ల మీద పడుకున్నవారికి ఎవరూ సంకేతం ఇచ్చి మళ్ళీ అడగలేదు. అలా అడగాలన్న ఆలోచన, పద్ధతిగా స్థిరపడడానికి ఇంకా తరాలు పట్టింది. మెలకువలో అడిగారు, లేదన్నారు, రాసుకున్నారు.

రాసుకున్నది కూడా దొర. పడుకున్నది ఖైదీ, చెప్పులు లేని పేదవాడు. బెంగాలీలో పలికిన మాట ఇంగ్లీషు కేసు పుస్తకంలోకి ఎక్కింది. వైద్యుడు ఎదురుగా నిలబడి బాధ కలిగిందా అని అడిగితే, సంకెళ్ళలో ఉన్న మనిషి ఏ జవాబు చెప్పడం క్షేమమో లెక్కవేసుకోలేదని ఎలా అనుకోగలం? ఎస్డెయిల్ తన రోగులు అమాయకులనీ, నటించడం వారికి చేతకాదనీ రాశారు. నటించారని నేనూ అనను. అడిగేవారికీ చెప్పేవారికీ మధ్య అంత దూరం ఉన్నప్పుడు, గుర్తు లేదన్న మాట మీద ఒక శాస్త్రాన్ని నిలబెట్టడం కష్టం. అలాగని, ఏళ్ళ తరబడి మోసిన కణితి వదిలించుకుని లేచి నడిచి ఇంటికి వెళ్ళిన ఆ దుకాణదారుడి వంటివారికి ఈ చర్చతో నిమిత్తం లేదన్నదీ నిజమే.

1851లో ఎస్డెయిల్ భారతదేశాన్ని వదిలి స్వదేశం చేరారు. పెర్త్‌లో కొంతకాలం ఉండి, బెంగాల్ ఆసుపత్రుల్లో చేసిన పనిని వివరిస్తూ, దూరదృష్టి వంటి అతీత శక్తుల మీద కూడా పుస్తకాలు రాశారు. రెండోరకం పుస్తకాలు ఆయన పరువుకు మేలు చేయలేదు. స్కాట్లాండ్ రోగుల్లో బెంగాల్ ఫలితాలు రావడం కష్టమైంది. అమెరికా కాంగ్రెసు నొప్పిలేని శస్త్రచికిత్స కనుగొన్నందుకు బహుమానం ఇవ్వాలని యోచిస్తూ, ఈథర్‌నే తొలి సాధనంగా పేర్కొంటే, ఆయన నిరసన తెలుపుతూ రాశారు. అంతకు ముందే హుగ్లీలో పదుల సంఖ్యలో జరిగాయన్నది ఆయన వాదన. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఒక పైసా అడగలేదు, గుర్తు పెట్టుకోమని మాత్రమే అడిగారు.

చలి పడక పెర్త్ నుంచి లండన్‌కు దక్షిణాన ఉన్న సిడెన్‌హామ్‌కు మారిన ఎస్డెయిల్, 1859 జనవరి 10న, యాభై ఒకటో ఏడు ఇంకా నిండకుండానే కన్నుమూశారు. ఆయనను కొలువులో చేర్చుకున్న ఈస్టిండియా కంపెనీ పాలన భారతదేశంలో ముగిసి అప్పటికి రెండు నెలలు దాటింది.